బొగ్గు, కట్టె, బెర్గియస్: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ఫ్రీడ్రిష్ బెర్గియస్ గురించి మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాశాను. జర్మన్ రసాయన శాస్త్రవేత్త, బొగ్గును ద్రవ ఇంధనంగా మార్చే దారి చూపించాడు, గంటల లెక్కలో బొగ్గు చేశాడు, చెక్కలోంచి చక్కెర తీశాడు, 1931లో కార్ల్ బాష్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు, అంతే రాశాను. దానికే చాలా ఉత్తరాలు వచ్చాయి. బొగ్గు బాయిల పక్కన పెరిగినవాళ్లు, రైస్ మిల్లు నడిపేవాళ్లు, పిల్లల చదువు గురించి ఆలోచిస్తున్న తల్లులు రాశారు. నేను పనిచేసిందంతా ఇంధనాల ల్యాబుల్లోనే కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకీ, ఆయన పనికీ ఇచ్చేస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలను కలిపాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (ఇల్లెందు, డిగ్రీ విద్యార్థి): సార్, బొగ్గులో పెట్రోల్ ముందే ఉంటుందా? ఆయన దాన్ని బయటికి తీశాడా, లేక కొత్తగా తయారుచేశాడా?

కొత్తగా తయారుచేశాడు బాబూ. 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. బొగ్గులోనూ పెట్రోల్‌లోనూ ప్రధానంగా ఉండేవి కార్బన్, హైడ్రోజనే, తేడా అంతా వాటి పాళ్లలో ఉంది. తేమ, బూడిద తీసేసి లెక్కేస్తే 100 కిలోల మంచి బొగ్గులో హైడ్రోజన్ 5 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అదే పెట్రోల్‌లో 14 కిలోల దాకా ఉంటుంది. పైగా బొగ్గు నిర్మాణం చాలా పెద్దది, చిక్కుగా అల్లుకుపోయినది, బెంజీన్ వలయాలు గుంపులు గుంపులుగా అతుక్కుని ఆ గుంపుల మధ్య చిన్న చిన్న లంకెలు ఉంటాయి. అందుకని చేయాల్సిన పనులు రెండు. ఆ లంకెలు తెంచాలి, తెగిన చోటల్లా హైడ్రోజన్ అందించాలి.

తెంచడం కష్టమేమీ కాదు. 400 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి వాటంతట అవే తెగడం మొదలవుతుంది. కష్టమంతా ఆ తర్వాతి క్షణంలోనే, ఎందుకంటే తెగిన ముక్కకు వెంటనే హైడ్రోజన్ దొరక్కపోతే అది పక్క ముక్కను పట్టుకుంటుంది, అలా అన్నీ కలిసి మళ్లీ గట్టిపడి కోక్ అయిపోతాయి. కాబట్టి హైడ్రోజన్‌ని బాగా ఒత్తిడితో అక్కడే సిద్ధంగా ఉంచాలి. బెర్గియస్ బొగ్గును మెత్తగా పొడిచేసి, బరువైన నూనెలో ముద్దలా కలిపి, సుమారు 200 వాతావరణాల పీడనంలో (అంటే మామూలు గాలి ఒత్తిడికి 200 రెట్లు) హైడ్రోజన్‌తో వేడిచేశాడు. 1913లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

ఆ నూనెలో కలపడం అనే చిన్న విషయాన్ని తేలిగ్గా తీసుకోకు. హైడ్రోజన్ చేరేటప్పుడు బాగా వేడి పుడుతుంది, పొడి బొగ్గు అయితే ఆ వేడి ఒకచోటే పోగుపడి పని చెడిపోతుంది. నూనె ఆ వేడిని పంచుతుంది, పైగా ముద్దగా ఉంటే పంపుతో లోపలికి తోయవచ్చు. 200 వాతావరణాల పీడనం ఉన్న పాత్రలోకి ఘన పదార్థాన్ని ఆపకుండా ఎక్కించడం ఎంత కష్టమో పరిశ్రమలో పనిచేసినవాళ్లను అడిగితే చెబుతారు. ఇంకో సంగతి, బొగ్గులోని గంధకాన్ని పట్టుకుంటుందని ఆయన ఐరన్ ఆక్సైడ్ కూడా కలిపేవాడు. అది ఉత్ప్రేరకంగా కూడా పనిచేస్తోందని తర్వాత తేలింది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఆ హైడ్రోజన్ కూడా ఆ రోజుల్లో బొగ్గు నుంచే తీసేవారు, పంపులూ కంప్రెసర్లూ నడిచే కరెంటూ బొగ్గుదే. అన్నీ కలుపుకుంటే ఒక టన్ను పెట్రోల్‌కి నాలుగైదు టన్నుల బొగ్గు పోయేది.

ప్రశ్న (సూర్యాపేట, స్కూలు టీచర్): నేలబొగ్గు తయారవడానికి కోట్ల ఏళ్లు పడుతుందని పిల్లలకు చెబుతాం. బెర్గియస్ గంటల లెక్కలో బొగ్గు చేశాడని మీరు రాశారు. పిల్లలకు ఏమని చెప్పమంటారండీ?

రెండూ చెప్పండి టీచర్ గారూ. సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలం నాటి మొక్కలది, అంటే 25 కోట్ల ఏళ్ల కంటే పాతది. భూమి లోపల వేడి తక్కువ, అందుకని పని నెమ్మదిగా సాగింది. వేడి పెంచితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, బెర్గియస్ చేసింది అదే.

ఈ పనిలోకి ఆయన వచ్చిన దారి ఆసక్తిగా ఉంటుంది. 1884లో బ్రెస్లావ్ పక్కనున్న గోల్డ్‌ష్మీడెన్‌లో పుట్టాడు, అది ఇప్పుడు పోలండ్‌లోని వ్రోట్స్వాఫ్ నగరంలో కలిసిపోయింది. తండ్రికి అక్కడే రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది, కాబట్టి పుస్తకం కంటే ముందు పని చూసి పెరిగిన పిల్లవాడు. 1907లో లైప్జిగ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత కొంతకాలం బెర్లిన్‌లో వాల్టర్ నెర్న్‌స్ట్ దగ్గర, మరికొంతకాలం కార్ల్స్‌రూలో ఫ్రిట్జ్ హాబర్ దగ్గర పనిచేశాడు. హాబర్ అప్పుడు గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తీసే పనిలో తలమునకలై ఉన్నాడు. పీడనం పెంచితే రసాయన శాస్త్రం ఎక్కడికి పోగలదో, అంత పీడనాన్ని తట్టుకునే పాత్రలు లేకపోతే ఎక్కడ ఆగిపోతుందో ఈ యువకుడు అక్కడ దగ్గర్నుంచి చూశాడు. 1909లో హానోవర్ వెళ్లి సొంతంగా అధిక పీడన పరికరాలు తయారుచేయించుకున్నాడు.

అక్కడ ఆయన మొదట వెతికింది చౌకగా హైడ్రోజన్ దొరికే మార్గం. కార్బన్‌ని నీటితో అధిక పీడనంలో కలిపి చూస్తూ పీట్‌ని వాడాడు. పీట్ అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లి పోగుపడిన మొక్కల పదార్థం, బొగ్గు కావడంలో తొలి మెట్టు. పాత్ర తెరిస్తే అడుగున మిగిలిన దాని కూర్పు బొగ్గుకు దగ్గరగా ఉంది. ఇక దాని వెంటపడ్డాడు, చెక్కలో ఉండే సెల్యులోజ్‌తోనూ అదే చేసి చూశాడు. 1913లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి.

ఇందులో నీటి పాత్ర పిల్లలకు తప్పకుండా చెప్పండి. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఆయన పాత్రలో నీరు 340 డిగ్రీల దాకా వెళ్లి కూడా ఆవిరైపోకుండా నీరుగానే ఉండేది, దానికి 145 వాతావరణాల పీడనం కావాలి. నీరెందుకంటే, సెల్యులోజ్ విడిపోయేటప్పుడు వేడి పుడుతుంది, పొడిగా కాలిస్తే ఆ వేడి అదుపు తప్పి కట్టెబొగ్గు మిగులుతుంది. చుట్టూ నీరుంటే వేడి అంతటా సమానంగా ఉంటుంది. ఆ స్థితిలో చెక్కలోని ఆక్సిజన్ కొంత నీరుగా, కొంత కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఎండిన చెక్కలో బరువును బట్టి ఆక్సిజన్ 43 శాతం దాకా ఉంటుంది, మంచి బొగ్గులో 10 శాతం లోపే. చెక్క బొగ్గుగా మారడమంటే ముఖ్యంగా ఈ ఆక్సిజన్ పోవడమే.

దీన్ని ఒక్క బొమ్మలో చూపించినవాడు డచ్ శాస్త్రవేత్త వాన్ క్రెవెలెన్. 1950లో ఆయన వేసిన పటంలో అడ్డంగా ఆక్సిజన్–కార్బన్ నిష్పత్తి, నిలువుగా హైడ్రోజన్–కార్బన్ నిష్పత్తి ఉంటాయి. చెక్క కుడివైపు పైన ఉంటుంది, అక్కడి నుంచి పీట్, లిగ్నైట్, మామూలు బొగ్గు, ఆంత్రసైట్ వరసగా ఎడమవైపు కిందికి దిగుతూ వస్తాయి. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ ముందు నేర్చుకోవాల్సిన పటం ఇది, తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా బోర్డు మీద గీసి చూపించవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కూర్పు దగ్గరగా ఉన్నంత మాత్రాన అది అచ్చంగా నేలబొగ్గు అయిపోదు. బొగ్గు సెల్యులోజ్ నుంచి వచ్చిందా, చెక్కలో ఇంకో భాగమైన లిగ్నిన్ నుంచి వచ్చిందా అని 1920లలో పెద్ద వాదన నడిచింది. ఫ్రాంజ్ ఫిషర్, ష్రాడర్ లిగ్నిన్ అన్నారు. ఎక్కువ భాగం లిగ్నిన్‌దే అన్న మాట నిలబడింది. అయినా బెర్గియస్ పద్ధతి వృథా పోలేదు. 2000 తర్వాత పోట్స్‌డామ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మార్కుస్ ఆంటొనియెట్టి బృందం, 200 డిగ్రీలకు అటూ ఇటూగా, అదే నీటి పద్ధతిని మళ్లీ చేతికి తీసుకుంది. తడి చెత్తను ఎండబెట్టే ఖర్చు లేకుండా బొగ్గులాంటి పదార్థంగా మార్చవచ్చు కాబట్టి ఇప్పుడు ప్రపంచమంతా దాని మీద పని జరుగుతోంది.

ప్రశ్న (విజయవాడ, రిటైర్డ్ ఇంజనీర్): ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చింది ఐ.జి. ఫార్బెన్ (జర్మనీ రసాయనాల కంపెనీ) మనుషులు కదా? నోబెల్ బెర్గియస్‌కి ఎందుకు వచ్చినట్టు?

మీ అనుమానం న్యాయమైనదే. 1914లో బెర్గియస్ ఎస్సెన్‌లోని గోల్డ్‌ష్మిట్ కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతిగా చేరాడు. మాన్‌హైమ్ దగ్గర రైనావ్‌లో ప్రయోగ ప్లాంటు కట్టడం మొదలైంది. ల్యాబులో చిన్న పాత్రలో వచ్చింది అక్కడ రావడానికి ఏళ్లు పట్టింది, అంతలో యుద్ధం, తర్వాత కరెన్సీ పతనం, డబ్బంతా దానికే పోయింది. 1920ల మధ్యలో హక్కులు బి.ఎ.ఎస్.ఎఫ్. అనే రసాయనాల కంపెనీ చేతికి, దాంతోపాటు ఐ.జి. ఫార్బెన్ చేతికి వెళ్లిపోయాయి. 1927లో జర్మనీలోని లాయ్నాలో వాళ్ల ఫ్యాక్టరీలో లిగ్నైట్ నుంచి పెట్రోల్ రావడం మొదలైంది.

అక్కడ అసలు కష్టపడినవాడు మథియాస్ పియర్. గంధకం తగిలినా చచ్చిపోని ఉత్ప్రేరకాలు ఆయన బృందం కనిపెట్టింది. పనిని రెండు దశలుగా విడదీసింది కూడా వాళ్లే, ముందు బొగ్గు ముద్దను బరువైన నూనెగా మార్చడం, తర్వాత ఆ నూనె ఆవిరిని ఉత్ప్రేరకం మీదుగా పంపి పెట్రోల్ చేయడం. నా లెక్కలో పియర్‌కి కూడా ఆ బహుమతిలో వాటా రావాల్సింది. కానీ నోబెల్ కమిటీ బహుమతి ఇచ్చింది అధిక పీడన పద్ధతులను కనిపెట్టి పెంచినందుకు, ఒక్క బొగ్గు పెట్రోల్‌కే కాదు. ఆ కోణంలో చూస్తే ఘన పదార్థాన్నీ ద్రవాన్నీ హైడ్రోజన్‌నీ ఒకే పాత్రలో అంత పీడనంలో కలిపి పని చేయించవచ్చని చూపించింది బెర్గియసే. ఆయన లేకపోతే పియర్‌కి మెరుగుపరచడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంగ్లండ్‌లోనూ బిల్లింగ్‌హామ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ ఇలాంటి ప్లాంటు కట్టి 1935లో ప్రారంభించింది. డబ్బు విషయంలో మాత్రం ఈ పద్ధతికి కాలం కలిసిరాలేదు. భూమిలో చమురు అయిపోతుందన్న భయంతో మొదలైన పని ఇది, 1930లో తూర్పు టెక్సాస్‌లో పెద్ద చమురు క్షేత్రం బయటపడి ధరలు కుప్పకూలాయి. బొగ్గు పెట్రోల్ సొంత కాళ్ల మీద ఎక్కడా నిలబడలేదు, ప్రభుత్వాలే నిలబెట్టాయి.

ప్రశ్న (వరంగల్, లాయర్): ఆ పెట్రోల్‌తోనే కదా హిట్లర్ యుద్ధం నడిపింది? అలాంటి మనిషిని మీరు పొగడడం నాకు నచ్చలేదు.

మీ కోపం నాకు అర్థమైంది, దాన్ని పక్కన పెట్టేసి జవాబు చెప్పను. 1933 డిసెంబరులో నాజీ ప్రభుత్వం ఐ.జి. ఫార్బెన్‌తో ఒప్పందం చేసుకుని లాయ్నా పెట్రోల్‌కి గ్యారంటీ ధర ఇచ్చింది. యుద్ధం నాటికి జర్మనీలో 12 హైడ్రోజనేషన్ (బొగ్గుకు హైడ్రోజన్ చేర్చే) ప్లాంట్లు ఉన్నాయి, విమానాల పెట్రోల్‌లో చాలా భాగం వాటిదే. ఆష్విట్జ్ పక్కన మొనోవిట్జ్‌లో ఐ.జి. ఫార్బెన్ కృత్రిమ రబ్బరు, ఇంధనం కోసం కట్టిన ఫ్యాక్టరీలో ఖైదీలతో బానిసలుగా పని చేయించారు, వేల మంది చనిపోయారు. ఈ రసాయన శాస్త్రం చరిత్ర రాసేటప్పుడు ఈ మాట వదిలేసి రాయకూడదు. 1944 మే 12న అమెరికన్ విమానాలు లాయ్నాతో పాటు మిగతా ప్లాంట్ల మీద దాడులు మొదలుపెట్టాయి, నెలల్లోనే జర్మన్ వైమానిక దళానికి పెట్రోల్ కరువైంది.

ఈ పద్ధతి మీద బెర్గియస్‌కి అప్పటికి చాలా ఏళ్లుగా అధికారం లేదు, హక్కులు అమ్మేశాడు. అందుకని ఆ ఫ్యాక్టరీల్లో జరిగినదాన్ని ఆయన మీద వేయలేను. కానీ ఆయన తర్వాతి పని, చెక్క నుంచి చక్కెర తీయడం, అదే ప్రభుత్వానికి నచ్చిన 'మన తిండి, మన ఇంధనం మనమే' అనే విధానంతో కలిసి నడిచింది. ఆ సంగతి కూడా ఆయన లెక్కలో రాయాల్సిందే. నేను మెచ్చుకున్నది ఆయన ల్యాబు పనిని, ఆ మెప్పులో మార్పు లేదు.

ప్రశ్న (గోదావరిఖని, కార్మికుడి కొడుకు): మా రామగుండంలో ఒకప్పుడు బొగ్గుతో యూరియా చేసేవాళ్లు. అది కూడా బెర్గియస్ పద్ధతేనా?

కాదు తమ్ముడూ, కానీ చుట్టరికం ఉంది. రామగుండం ఎఫ్.సి.ఐ. (ఎరువుల కార్పొరేషన్) ప్లాంటు 1980లో మొదలైంది, 1999లో మూతపడింది. అక్కడ బొగ్గును ద్రవంగా మార్చలేదు, ఆక్సిజన్, ఆవిరితో పూర్తిగా గ్యాస్ చేసేశారు. దాన్ని కాపర్స్–టోట్జెక్ పద్ధతి అంటారు. ఆ గ్యాస్‌లో ఉండేవి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. అందులోంచి హైడ్రోజన్ పాలు పెంచి, నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా, దాంతో యూరియా. అమ్మోనియా చేసే ఆ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చినవాడే కార్ల్ బాష్, బెర్గియస్‌తో నోబెల్ పంచుకున్నది ఆయనే.

ఇదే గ్యాస్‌ని అమ్మోనియాకి బదులు ఉత్ప్రేరకం మీద నూనెగా మారిస్తే అది ఫిషర్–ట్రాప్ష్ పద్ధతి, దక్షిణాఫ్రికాలో సాసోల్ 1955 నుంచి నడుపుతున్నది అదే. బెర్గియస్ దారిలో బొగ్గును నేరుగా ద్రవం చేసే పెద్ద ప్లాంటు చైనాలో ఇన్నర్ మంగోలియాలోని ఓర్డోస్‌లో ఉంది, 2008 చివర్లో మొదలైంది.

మన బొగ్గుతో చిక్కల్లా బూడిద. సింగరేణి లాంటి చోట్ల దొరికే గోండ్వానా బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిద ఉండటం మామూలే, పైగా అది కడిగితే పోయేది కాదు, బొగ్గు అణువణువునా కలిసిపోయి ఉంటుంది. రామగుండంలో వాడిన రకం గ్యాసిఫయర్‌లో బూడిద కరిగి కిందికి జారాలి, అంత బూడిదను కరిగించడానికే బోలెడు వేడీ ఆక్సిజనూ పోతాయి. యూరోపు బొగ్గు కోసం తయారైన యంత్రాన్ని మన బొగ్గుకి తెచ్చిపెడితే ఇలాంటి కష్టాలు తప్పవు. ఆ స్థలంలో 2021లో మొదలైన కొత్త ప్లాంటు సహజ వాయువుతో నడుస్తోంది.

ప్రశ్న (రాజమండ్రి, గృహిణి): చెక్కలోంచి చక్కెర అన్నారు. తినే చక్కెరేనా?

గ్లూకోజ్, దాంతోపాటు చెక్కలో ఉండే ఇంకొన్ని చక్కెరలు అమ్మా. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసులే. గాఢమైన, సుమారు 40 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం సెల్యులోజ్‌ని మామూలు వేడిలోనే కరిగించేస్తుందని 1913లో విల్‌స్టాటర్, జెక్‌మైస్టర్ చూపించారు. దాన్ని ఫ్యాక్టరీలో చేయాలని బెర్గియస్ పట్టుపట్టాడు. పశువుల దాణా, ఈస్టు, ఆల్కహాల్, అన్నిటికీ ఆ చక్కెర పనికొస్తుంది, మిగిలే లిగ్నిన్ మళ్లీ ఇంధనమే. బొగ్గు పేటెంట్ల మీద వచ్చిన డబ్బులో చాలా భాగం ఇందులోనే పోసేశాడు.

చిక్కు ఆమ్లం దగ్గర వచ్చింది. అంత గాఢమైన ఆమ్లాన్ని తట్టుకునే పాత్రలు ఖరీదు, వాడిన ఆమ్లాన్ని చక్కెర నుంచి వేరుచేసి మళ్లీ వాడుకోకపోతే నష్టం, వేరుచేయడానికి ఎక్కువ వేడి పెడితే చక్కెర మాడిపోతుంది. యుద్ధం ముగిశాక ఆయనకు జర్మనీలో పని లేదు. వేరే దేశాల్లో సలహాదారుగా తిరిగి, చివరికి అర్జెంటీనా చేరి 1949లో బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఈ రెండో సగం వల్లనే. నోబెల్ వచ్చాక కూడా ఒక ఇంధనం దగ్గర ఆగిపోకుండా బొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చెక్క దగ్గరికే తిరిగి వెళ్లాడు. ఇప్పుడు ఆ పనిని ఆమ్లానికి బదులు ఎంజైములతో చేస్తున్నారు, 2022లో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్రారంభించిన వరిగడ్డి ఇథనాల్ ప్లాంటు ఆ కోవలోదే.

ప్రశ్న (మిర్యాలగూడ, రైస్ మిల్లు యజమాని): బాయిలర్‌లో ఊక వేస్తే ఇబ్బంది లేదు. వరిగడ్డి వేస్తే క్లింకర్ కట్టి ట్యూబులు పట్టేస్తున్నాయి. రెండూ ఒకే పైరువి కదండీ, ఎందుకిలా?

పైరు ఒకటే కానీ బూడిద వేరు. ఊకలో 20 శాతం దాకా బూడిద ఉంటుంది, దాదాపు అంతా సిలికా. సిలికా ఒక్కటే ఉంటే బాయిలర్ వేడికి కరగదు, అందుకని రాలిపోతుంది. గరుకుగా ఉండి ట్యూబులను అరగదీయడం దాని దోషం. గడ్డిలో సిలికాతో పాటు పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పొటాషియం సిలికాతో కలిస్తే 700 నుంచి 900 డిగ్రీల మధ్యే మెత్తబడి అతుక్కుపోతుంది, మీరు చూస్తున్న క్లింకర్ అదే. క్లోరిన్ లోహాన్ని తినేస్తుంది, అది కంటికి వెంటనే కనపడదు కాబట్టి ఇంకా ప్రమాదం.

గడ్డిని కోత కాగానే తేకుండా కొన్నాళ్లు పొలంలో వానకు తడవనిచ్చి, తర్వాత ఎండబెట్టి తెస్తే పొటాషియం, క్లోరిన్ బాగా కొట్టుకుపోతాయి. గడ్డితో బాయిలర్లు నడిపే డెన్మార్క్‌లో కూడా వానకు తడిసి రంగు పోయిన గడ్డినే మేలు రకం అనుకుంటారు. గడ్డి ఒక్కటే వేయకండి, ఊకలో కొద్దిగా కలిపి వేయండి. ట్యూబుల మీద పొర కడుతోందా అని మామూలు కంటే తొందరగా తెరిచి చూసుకోండి, ఎంత కలపాలో బాయిలర్ తయారీదారుని అడిగి కాగితం మీద రాయించుకోండి. థర్మల్ స్టేషన్లలో బొగ్గుతో పాటు 5 శాతం బయోమాస్ గుళికలు కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చినప్పుడు కూడా శాతం అంత తక్కువ పెట్టడానికి ఈ బూడిద గొడవ ఒక కారణం. గాలి తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల్లో వేయించిన గడ్డి సులువుగా పొడి అవుతుంది, నీరు పీల్చుకోదు, కానీ ఒక్క మాట, వేయించినంత మాత్రాన పొటాషియం ఎక్కడికీ పోదు. అది అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

తడి చెత్త ఉంటే దాన్ని కాల్చే ఆలోచనే వద్దు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల చెత్తతో గ్యాస్ తీసి కరెంటు చేస్తున్నారు, ఆ సాంకేతికత మన హైదరాబాద్‌లోని రసాయన సాంకేతిక సంస్థ ఐ.ఐ.సి.టి.ది. ఒకసారి వెళ్లి చూడండి.

ప్రశ్న (పెద్దపల్లి, ఒక తల్లి): మా అమ్మాయికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక బొగ్గు, బయోమాస్ ఇంధనాల మీద పీహెచ్‌డీ చేసే అవకాశం వచ్చింది. "బొగ్గు పని అయిపోయింది, అందులో చేరి ఏం చేస్తుంది" అని బంధువులు టెన్షన్ పెడుతున్నారు. చేర్చమంటారా?

చేర్చండమ్మా. బంధువుల మాటలో సగం నిజం ఉంది, బొగ్గు కాల్చి కరెంటు చేయడం ఇక పెద్దగా పెరిగేది కాదు. కానీ మీ అమ్మాయి నేర్చుకునేది బొగ్గు కాల్చడం కాదు. కార్బన్ ఉన్న ఒక చిక్కటి, రకరకాలుగా మారే ఘన పదార్థాన్ని ఎలా కొలవాలి, వేడిలో అది ఏమవుతుంది, దాన్ని దేనిగా మార్చవచ్చు, ఇవి నేర్చుకుంటుంది. ఆ విద్య ఎక్కడైనా పనికొస్తుంది.

డి.ఎన్.ఎ. ఫొటోతో మనకు తెలిసిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టింది బొగ్గుతోనే. 1942లో బ్రిటిష్ బొగ్గు వినియోగ పరిశోధన సంస్థలో చేరి, బొగ్గులోని సూక్ష్మ రంధ్రాల్లోకి హీలియం వెళ్తుంటే కాస్త పెద్ద అణువులు ఎందుకు వెళ్లలేకపోతున్నాయో కొలిచింది. దాని మీదే 1945లో కేంబ్రిడ్జ్ నుంచి పీహెచ్‌డీ. తర్వాత పారిస్ వెళ్లి, కొన్ని కార్బన్లు వేడిచేస్తే గ్రాఫైట్ అవుతాయి, కొన్ని ఎంత వేడిచేసినా కావని ఎక్స్‌రేలతో తేల్చింది, 1951లో ఆ పేపరు వచ్చింది. గ్రాఫైట్ కాని ఆ రకాన్ని ఇప్పుడు హార్డ్ కార్బన్ అంటున్నారు, సోడియం అయాన్ బ్యాటరీల్లో వాడుతున్నారు, కొబ్బరి చిప్పలూ చెక్కపొట్టూ కాల్చి దాన్ని చేస్తున్నారు. బొగ్గు కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి రేపు బ్యాటరీ కంపెనీలో ఉద్యోగం రావచ్చని నేను అంటున్నది అందుకే. బొగ్గును కాల్చకుండా గ్యాస్‌గా మార్చే పని మీద కూడా ప్రభుత్వం డబ్బు పెడుతోంది, 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును అలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది, 2024లో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. హైదరాబాద్ ఐ.ఐ.సి.టి., ధన్‌బాద్ సి.ఐ.ఎం.ఎఫ్.ఆర్. (గనులు, ఇంధనాల పరిశోధన సంస్థ), అక్కడే ఉన్న ఐ.ఐ.టి., డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థ, ఇలా పనిచేసే చోట్లు ఉన్నాయి.

పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని చేరాలి. చాలా రోజులు నమూనా పొడిచేయడం, జల్లెడ పట్టడం, తేమ, బూడిద, ఆవిరయ్యే పదార్థం కొలవడం, బాంబ్ క్యాలరీమీటర్‌లో కాల్చి వేడి కొలవడం, అదే పని మళ్లీ చేయడం. ఒకే లారీలో వచ్చిన రెండు బస్తాల గడ్డి రెండు రకాల అంకెలు ఇస్తుంది, ఓపిక లేనివాళ్లు అక్కడే విసిగిపోతారు. నమూనా సరిగ్గా తీయడం రాకపోతే కోటి రూపాయల యంత్రం ఉన్నా వచ్చే అంకెకి విలువ ఉండదు.

చేరేముందు గైడ్ గారిని మీ అమ్మాయి కొన్ని విషయాలు మొహమాటం లేకుండా అడగాలి. అధిక పీడన రియాక్టర్ ల్యాబులోనే ఉందా, ఉంటే నడిపే టెక్నీషియన్ ఉన్నాడా, దాని భద్రతా పరీక్ష ఎప్పుడు జరిగింది? విశ్లేషణ అక్కడే చేస్తారా, బయటికి పంపి నెలలు ఎదురుచూడాలా? ఫెలోషిప్ డబ్బు నెల నెలా వస్తోందా? ఇంతకుముందు అక్కడ చేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు జవాబు గైడ్ దగ్గర ఆగకుండా, ఆ పూర్వ విద్యార్థుల్లో ఒకరిద్దరితో ఫోన్లో నేరుగా మాట్లాడి తెలుసుకోమనండి. మీరున్నది సింగరేణి పక్కనే కాబట్టి చేరేలోపు ఒకసారి అక్కడి బొగ్గు నాణ్యత పరీక్షించే ల్యాబు చూడటానికి అనుమతి అడగమనండి, నమూనా తీసే పద్ధతి అక్కడివాళ్లకు తెలిసినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు.